పంతులుగారు రాసిన పుట్టినరోజు

మా అబ్బాయి ఏరువాక పున్నమి మర్నాడు పుట్టాడు. బడి రిజిస్టరులో మాత్రం జూలై ఒకటి, అదీ అంతకుముందు ఏడాది. ఐదు నిండితేనే ఒకటో తరగతిలో చేర్చుకుంటామన్నారు. వీడికి నాలుగే. "నిండాయండీ పంతులుగారూ" అన్నాను. ఆయన నా మొహం చూసి నవ్వి, జూలై ఒకటి అని రాసేశారు. ఆ క్లాసులో సగం మంది జూలై ఒకటినే పుట్టారు లెండి. ఆ అబద్ధమే పాస్‌పోర్టులోకి, అందులోంచి గ్రీన్ కార్డులోకి ఎక్కి, మాతోపాటు అమెరికా వచ్చింది.

మేం వచ్చిన కొత్తలో ఈ దేశం యుద్ధమంటేనే మొహం తిప్పుకునేది. మేం ఉన్నది అట్లాంటాకి ఉత్తరాన చిన్న ఊళ్ళో. పక్కింటావిడ పోస్టాఫీసులో పనిచేసేది. ఆవిడ పెద్దకొడుకు వియత్నాంలో పోయాడు. కంచె మీద మోచేతులు ఆనించి, "ఎవరి గొడవ వాళ్ళే తీర్చుకోవాలి. ఇక మన పిల్లల్ని ఎక్కడికీ పంపం" అనేది. నా వచ్చీరాని ఇంగ్లీషుకి కూడా అది బాగానే అర్థమైంది. మేం ఊళ్ళో లేనప్పుడు నా గోంగూర మొక్కలకి నీళ్ళు పోసింది కూడా ఆవిడే.

తర్వాత ఇరాన్‌లో అమెరికావాళ్ళని బందీలుగా పట్టుకున్నారు. ఇవాళ్టికి ఎన్ని రోజులైందో రోజూ టీవీలో చెప్పేవారు. వాళ్ళు తిరిగి రావాలని వీధిలో చెట్లకి పసుపు రిబ్బన్లు వెలిశాయి. పక్కింటావిడా కట్టింది. "ఈసారి ఊరుకోకూడదు" అంది. గోంగూర వైపు రావడం మానేసింది. స్కూల్లో మావాడిని "ఇరాన్‌కి పోరా" అన్నారు. ఇరాన్ ఎక్కడుందో వాడికీ తెలీదు, అన్నవాళ్ళకీ తెలీదు. బందీలు క్షేమంగా తిరిగొచ్చినా రిబ్బన్లు ఎవరూ విప్పలేదు, ఎండకి తెల్లబడిపోయాయి. కోపం మాత్రం వెలవలేదు. అప్పటికే కొత్త రూలు వచ్చింది. పద్దెనిమిది నిండిన మగపిల్లలంతా, గ్రీన్ కార్డువాళ్ళతో సహా, పోస్టాఫీసుకి వెళ్ళి పేరిచ్చి రావాలి. యుద్ధమొస్తే పిలవడానికట.

కాగితం ప్రకారం ఆ జూలైకి మావాడికి పద్దెనిమిది. నిజానికి పదిహేడు.

"జస్ట్ ఒక కార్డే అమ్మా. సైన్ చేసేస్తే ఇంక నన్నెవడూ ఇరానియన్ అనడు."

"పదిహేడేళ్ళవాడివి. నీ పేరు నేనివ్వనివ్వను."

"పేపర్ మీద ఎయిటీనేగా? నువ్వేగా చెప్పావ్!"

"బడికి పంపడానికి చెప్పానురా, యుద్ధానికి కాదు."

మావారు గొంతు తగ్గించారు. "డేట్ తప్పని నువ్వు నోరు విప్పావో, గ్రీన్ కార్డులు పోతాయి. ముగ్గురం పెట్టెలు సర్దుకోవాలి, తెలుసా?"

"సర్దుకుందామండీ. ముగ్గురం ఉంటాంగా."

ఆయన రానన్నారు. వాడితో పోస్టాఫీసుకి నేనే వెళ్ళాను. కిటికీ వెనక పక్కింటావిడే కూర్చునుంది. వాడు ఫారం నింపి ముందుకి తోశాడు. నేను దాని మీద అరచెయ్యి వేసి నొక్కిపెట్టాను.

"ఈ తేదీ అబద్ధం. చెప్పింది నేనే. వీడికి పదిహేడు" అన్నాను ఇంగ్లీషులో, నాకు వచ్చినంత గట్టిగా. లైన్‌లో ఉన్నవాళ్ళంతా మావైపే చూశారు.

"రుజువేమైనా ఉందా?" అంది ఆవిడ.

"కన్నదాన్ని నేను. ఇంకేం రుజువు కావాలి?"

"ఇలా చెప్తే నీకే చిక్కు. తెలిసే చెప్తున్నావా?"

"తెలుసు. నా పేరు కూడా రాసుకో."

ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టింది. "మా పెద్దాడికీ అప్పుడు పదిహేడే" అంది మెల్లగా. "తల్లో తండ్రో సంతకం పెడితే సైన్యంలో చేర్చుకుంటామన్నారు. నేను పెట్టాను."

నా అరచేతి కింద నుంచి ఫారం లాగి, మావాడి చేతిలో పెట్టింది. "మీ అమ్మ చెప్పిన వయసొచ్చాక రా" అని, నా వెనకాయన్ని రమ్మని పిలిచింది.

కారెక్కాక మావాడు, "అంత గట్టిగా అరవాలా అమ్మా?" అన్నాడు.

"మెల్లగా చెప్తే వినే రోజులా ఇవి?" అన్నాను.

ఏ ఆఫీసు నుంచీ ఉత్తరం రాలేదు. మరుసటి ఏడు ఏరువాక పున్నమి వెళ్ళాక వాడే పోయి పేరిచ్చి వచ్చాడు. పిలుపూ రాలేదు. వాడి కాగితాలన్నిటి మీదా ఇప్పటికీ పంతులుగారి తేదీయే ఉంది. ఉండనివ్వండి. జూలై ఒకటిన ఎవరైనా కేకు తెస్తే మాత్రం గుమ్మంలోనే ఆపేస్తాను.