కోడలి కానుక మీద నా ఎర్ర పెన్ను

పోయిన క్రిస్మస్‌కి మా కోడలు నాకోసం ఒక బహుమతి తయారుచేసింది. అది బహుమతని నాకు తెలిసేలోపే నేను దాన్ని ఎర్ర పెన్నుతో సగానికి నరికి, పైన "బలహీనంగా ఉంది, తిరిగి రాయాలి" అని రాసి వెనక్కి పంపేశాను. నవ్వకండి! ముందు టీ తాగండి, వరసగా చెబుతాను.

నా సంగతి మీకు తెలిసిందే. ముప్పై ఏళ్ళు పత్రిక డెస్కులో కూర్చున్నవాణ్ణి. ఎవరెవరో రాసి పంపినవి దిద్దడం, కుదించడం, హెడ్డింగ్ పెట్టడం, ఇదే పని. రిటైరైనా చెయ్యి ఊరుకోదు కదా! అందుకని మా తెలుగు చర్చి ఏటా వేసే క్రిస్మస్ సంచిక ఎడిటింగు నాకు అప్పగించారు. గౌరవంతో ఇచ్చారనుకునేరు. చర్చి కరపత్రాల్లో తప్పులు పట్టుకుని ప్రతి ఆదివారం పాస్టరుగారికి చెబుతుంటే, పడలేక ఇచ్చారు.

నవంబరు నుంచి, ఇక్కడ ఈ దీవుల్లో, షాదీపూర్‌లోని మా ఇంటికి రచనలు రావడం మొదలవుతుంది. ఫ్రిజ్ మీద ఒక నీలం ఫైలు ఉంటుంది. ఎవరు ఏం తెచ్చిచ్చినా ఇంట్లోవాళ్ళు అందులో పెట్టాలి. రాసినవాళ్ళ పేరు, ఫోన్ నంబరు అడిగి తీసుకోవాలని కూడా చెప్పాను గానీ, ఆ రూలు మా ఇంట్లో ఎవరూ పాటించరు. పేరు లేని కాగితాలు నాకు అలవాటే.

ఇక మా కోడలు ఎస్తేర్. డిగ్లీపూర్ పిల్ల. వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి సముద్రం దాటి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. మాట్లాడమంటే గలగలా మాట్లాడుతుంది, మధ్యలో సగం హిందీ. తెలుగు చదవడం, రాయడం మాత్రం రాదు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటుంది గానీ, పాటలన్నీ నోటికే వచ్చు కాబట్టి పుస్తకం తలకిందులుగా ఉన్నా తేడా ఏమీ రాదు. పెళ్ళయిన కొత్తలో ఇది నేను గమనించాను. గమనించి ఊరుకోలేదు, చెప్పాను కూడా.

నాకు తెలియనిది ఏమిటంటే, ఆగస్టు నుంచి ఆ అమ్మాయి మా ఆవిడ కరుణ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుతోంది. కరుణ టీచరుగా చేసి రిటైరైంది. ఎస్తేర్ ఒక బడిలో లెక్కలు చెబుతుంది, రెండింటికల్లా ఇంటికొచ్చేస్తుంది. మధ్యాహ్నం నేను పడుకునే గంటసేపు వీళ్ళ క్లాసు. ఒకే ఇంట్లో నాలుగు నెలలు! ఊళ్ళో ఓడలు ఆగే ఏ జెట్టీ దగ్గర ఏం జరిగినా సాయంత్రానికి నాకు తెలిసిపోతుందని చెప్పుకునేవాణ్ణి.

ఎస్తేర్ ప్లాను ఇది. నా గురించి తన చేత్తో తెలుగులో రెండు పేజీలు రాయాలి. క్రిస్మస్ రోజు అందరి ముందూ నిలబడి చదివి నాకివ్వాలి. చివర్లో "ఆ మనిషి మా మామయ్య" అని చెప్పేదాకా పేరు బయటపెట్టకూడదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. నేను అరగంట ముందే లేచి హాల్లోకి వచ్చాను. ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర తలలు దగ్గరపెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి కరుణ గభాలున ఏవో కాగితాలు తీసి పక్కనున్న దాంట్లో కుక్కేసింది. పక్కనున్నది నా నీలం ఫైలు. ఆ రోజు ఫ్రిజ్ తుడుస్తూ దాన్ని టేబుల్ మీద పెట్టారు.

"ఏటండీ, అప్పుడే లేచిపోయారేటి?" అంది కరుణ.

"కరెంటు పోయింది."

"అయితే వరండాలో కూచోండి. గాలొస్తాది."

మంచి సలహా! ఊరికే కూర్చోవడం ఎందుకని ఫైలు కూడా చంకలో పెట్టుకుని వెళ్ళాను.

"మీరలా వెళ్తుంటే నా ప్రాణం పోయింది" అని కరుణ తర్వాత చెప్పింది. మరి ఆపొచ్చు కదా అంటే, "ఫైలు ఇవ్వండంటే ఎందుకు అంటారు. ఎందుకో చెప్తే ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అంటారు. ఆ అడ్డసవాళ్ళకి నేను తట్టుకోగలనేటి?" అంది.

వరండాలో మూడో కాగితంగా అది నా చేతికి వచ్చింది. హెడ్డింగ్: "మా ఇంట్లో ఒక మనిషి". గుండ్రంగా, పెద్దగా, ఒక్కొక్క అక్షరమూ ఆచితూచి పెట్టిన రాత. పేరు లేదు. చర్చి యూత్ పిల్లలెవరో రాసుంటారు అనుకుని చదివాను.

"ఆయన భోజనాల దగ్గర ఓడల టైములు పైకి చదువుతారు. ఇంట్లో ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు.

కూర బాగుందా అని అడిగితే బాగుంది అనరు. పోయిన మంగళవారం కంటే ఉప్పు తక్కువ అంటారు.

వాన పడిందని చెబితే ఎన్ని గంటలకి అని అడుగుతారు.

పేపరు ఆయన చదివేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన చదివాక ముట్టుకోవడానికి ఏమీ మిగలదు. ముక్కలు కత్తిరించి దాచేస్తారు."

మీకు వెంటనే అర్థమైపోయింది కదా? నాకు కాలేదు! ఒట్టు. ఎందుకంటే నా దృష్టిలో నేను ఉప్పు గురించి మాట్లాడటం లేదు, సమాచారం ఇస్తున్నాను. ఓడల టైములు అందరికీ పనికొచ్చే విషయం. ఆ కాగితంలో ఉన్నది మాత్రం ఎవరో చాదస్తపు ముసలాయన. నవ్వొచ్చింది. పక్కన "మంచి పరిశీలన" అని రాశాను. పేపరు ముక్కల దగ్గర మాత్రం "అతిశయోక్తి. ఇలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఎవరుంటారు?" అని రాశాను.

తర్వాత పొగడ్తలు మొదలయ్యాయి. "ఆయన మనసు చాలా మంచిది." ఆధారం ఏది? కొట్టేశాను. "ఆయన ఉంటే ఇంట్లో అందరికీ ధైర్యం." ఎలా? వివరం లేదు. కొట్టేశాను. రెండో పేజీలో ఏదో సంఘటన గురించి ఐదారు లైన్లున్నాయి. పైనుంచి కిందికి గీత లాగి, ఆ తర్వాత లైను లైనుకీ కొట్టేసి, పక్కన "చిన్న విషయం" అని రాశాను. కింద "ముగింపు లేదు". అన్నిటికీ పైన మీకు ముందే చెప్పిన ఆ తీర్పు: బలహీనంగా ఉంది, తిరిగి రాయాలి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్నాం. నేను, కరుణ, మా అబ్బాయి సుధీర్, ఎస్తేర్.

"ఈసారి సంచికకి ఒక ముసలాయన గురించి వచ్చింది చూడండి!" అని మొదలుపెట్టాను. ఓడల టైములు, ఉప్పు, వాన, అన్నీ గొంతు మార్చి మరీ వినిపించాను. "పాపం, రాసింది ఆ ఇంటి కూతురో కోడలో. గట్టిగానే పడుతున్నట్టుంది!"

కరుణ చేతిలో గరిటె గాల్లో ఆగింది. సుధీర్‌కి పొలమారింది. ఎస్తేర్ నీళ్ళు తెస్తానని లేచింది. టేబుల్ మీద జగ్గు నిండుగానే ఉంది.

"నాన్నా, బస్ కరో. అన్నం తినండి" అన్నాడు సుధీర్.

"ఎవరు రాశారో కనుక్కోవాలిరా."

"కనుక్కుని ఏటి చేస్తారు?" అంది కరుణ.

"ఆ మనిషిని ఒకసారి చూడాలనుంది."

గరిటె ఆగడం, పొలమారడం, నిండు జగ్గు, మూడూ నేను గమనించాను. గమనించి ఒక నిర్ణయానికి కూడా వచ్చాను. కూరలో ఏదో తేడా వచ్చింది, నా దగ్గర దాస్తున్నారు! వాళ్ళని ఊరడిద్దామని, "ఉప్పు సరిపోయింది లెండి" అన్నాను.

ఆ సాయంత్రం తిప్పి పంపాల్సిన కాగితాలన్నీ కట్టగట్టి టేబుల్ మీద పెట్టాను. కరుణ అందులోంచి ఆ రెండు పేజీలూ తీసింది. అప్పుడు వంటింట్లో జరిగింది నాకు ఆవిడే చెప్పింది. ఆ పిల్ల పేజీలు అటూ ఇటూ తిప్పి చూసిందట. తెలుపు కంటే ఎరుపే ఎక్కువుంది మరి. ఆ తర్వాత మెల్లగా, "మామయ్యకి నచ్చలేదు అత్తయ్యా. ఇంక తెలుగు నా వల్ల కాదు" అందట. రెండు రోజులు నోటుబుక్కు ముట్టుకోలేదు. నాలుగు నెలలు వేళ్ళు నొప్పెట్టేలా దిద్దిన పిల్ల! కరుణ నా మీదికి యుద్ధానికి బయల్దేరితే ఎస్తేరే ఆపిందట. "ఛోడో అత్తయ్యా. ఇప్పుడు చెబితే సర్‌ప్రైజ్ కూడా పోతుంది."

మూడో రోజు తనే వచ్చి అడిగిందట. "అత్తయ్యా, తిరిగి రాయాలి అన్నారు కదా. అంటే, రాస్తే తీసుకుంటారనా?"

"అంతే కదమ్మా! ఆయనకి అస్సలు నచ్చకపోతే చెత్తబుట్టే. తిరిగి రాయమన్నారంటే, ఆయన భాషలో అదే మెచ్చుకోలు."

అంతే. ఎస్తేర్ కొత్త కాగితం తీసి కూర్చుంది.

క్రిస్మస్ వచ్చింది. చర్చి అయ్యాక చౌల్దారీ నుంచి మా పెద్దక్క కొడుకులు, కోడళ్ళు, పిల్లలతో దిగింది. మా ఇంట్లో బహుమతులు భోజనానికి ముందే విప్పుతాం. ఎస్తేర్‌కి నేను చీర ఇచ్చాను. అది ఏ రంగో విప్పాకే నాకూ తెలిసింది, కొన్నది కరుణ. సుధీర్‌కి చొక్కా. పిల్లలకి బొమ్మలు. అందరివీ అయ్యాయి. నాకేమీ రాలేదు. నేనేమీ పట్టించుకోనట్టు రంగు కాగితాలు మడతపెడుతున్నాను.

అప్పుడు ఎస్తేర్ లేచి నిలబడింది. చేతిలో ఒక్కటే కాగితం. "మామయ్యా, ఇది మీకు నా గిఫ్ట్" అని చదవడం మొదలుపెట్టింది.

"మా ఇంట్లో ఒక మనిషి."

నా చేతిలో రంగు కాగితం సగం మడతలోనే ఉండిపోయింది.

"ఆయన భోజనాల దగ్గర ఓడల టైములు పైకి చదువుతారు..."

"ఒరే, ఇది మా తమ్ముడే!" అని పెద్దక్క చప్పట్లు కొట్టింది. ఒక్క వాక్యం వింటేనే అక్క గుర్తుపట్టినదాన్ని నేను ఎర్ర పెన్ను పట్టుకుని గుర్తుపట్టలేకపోయాను! ఉప్పు దగ్గరికి వచ్చేసరికి అక్క కోడళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. వాన దగ్గర పిల్లలు "ఎన్ని గంటలకి? ఎన్ని గంటలకి?" అని అరుస్తున్నారు. నేను పొగడ్తల కోసం ఎదురుచూశాను. ఎక్కడి పొగడ్తలు? అన్నీ నేనే తీసేశాను కదా! కోడలు నా దిద్దుబాట్లన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. మిగిలినవన్నీ గట్టి వాక్యాలు, ప్రతిదానికీ ఆధారం ఉంది. మనిషి మీద అభిమానంతో రాసింది కాస్తా నా చేతిలో చార్జిషీటు అయింది.

చివరికి ఆ అమ్మాయి తలెత్తి, "ముగింపు లేదని రాశారు కదా మామయ్యా. అందుకని మీ వాక్యమే పెట్టాను" అని చదివింది. "ఇలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఎవరుంటారు?"

వంటింటి గుమ్మంలోంచి కరుణ గరిటె పైకెత్తింది. "నేనున్నాను. ముప్పై నాలుగేళ్ళు!"

నవ్వులతో ఇల్లు దద్దరిల్లింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఎస్తేర్ చేతిలోని కాగితం చూశాను. గుండ్రటి తెలుగు అక్షరాలు.

"ఇది ఎవరు రాసిచ్చారమ్మా?"

"నేనే మామయ్యా."

"తెలుగు నీకెప్పుడు..."

"ఆగస్టు నుంచి."

ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ ప్రశ్నా నోటికి రాలేదు. "ముందు రాసింది ఒకసారి ఇవ్వమ్మా" అన్నాను. తెచ్చిచ్చింది. కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నాను. మా డెస్కులో కొట్టేశామంటే అక్షరాలు పేర్చే కంపోజిటర్‌కి పొరపాటున కూడా కనిపించకూడదు, అంత గట్టిగా కొట్టేవాళ్ళం. ఆ పనితనం ఇక్కడా చూపించాను. అవి నేను చదివిన లైన్లే. కానీ కొట్టేసిన వాక్యాన్ని గుర్తుపెట్టుకునే అలవాటు ఏనాడూ లేదు. ఎంత చూసినా ఆ ఐదారు లైన్లలో ఒక్క మాటే కనిపించింది. "చెప్పులు".

"ఏం చెప్పులమ్మా ఇవి?"

"చిన్న విషయం మామయ్యా."

"చెప్పొచ్చు కదా."

"మీరే రాశారు కదా, చిన్న విషయం అని!" కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఏడుపో నవ్వో పరిశీలించి చెప్పే ధైర్యం నాకు ఆరోజుకి లేదు.

"నాకు తెలుసు. నేనూ చెప్పను" అంది కరుణ.

"కొట్టేసింది ఏ పేపరూ వెయ్యదురా తమ్ముడూ. పద, బిర్యానీ చల్లారిపోతంది" అంది పెద్దక్క.

ఇప్పటికీ చెప్పలేదు. నేనేదో చెప్పుల విషయంలో మంచి పని చేశాను, ఏం చేశానో నాకు గుర్తులేదు. ఎందుకైనా మంచిదని కరుణ చెప్పులు తీసుకెళ్ళి కుట్టించుకొచ్చాను. సుధీర్ బూట్లకున్న బురద కడిగాను. బయటికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ గుమ్మంలో అందరి చెప్పులూ సర్దుతున్నాను. చేస్తూ కోడలి ముఖం చూస్తాను. ఆ అమ్మాయి మాత్రం పాలు పొంగుతున్నాయంటూ లోపలికి పరిగెడుతుంది.

పోయిన వారం ఎస్తేర్ తన నోటుబుక్కు తెచ్చి, "వచ్చే క్రిస్మస్‌కి కొత్తది మొదలుపెట్టాను, చూడండి మామయ్యా" అని నా ముందు పెట్టింది. ఒక్కటే పేరా ఉంది.

"ఈ మధ్య ఆయన గుమ్మం దగ్గర అందరి చెప్పులూ జతలుగా సర్దుతున్నారు. ఎందుకో ఇంట్లో ఎవరూ అడగలేదు."

ఎర్ర పెన్ను తీసి రెండుసార్లు చదివాను. అతిశయోక్తి లేదు. ఆధారం గుమ్మంలోనే ఉంది. ఏం చేస్తాను? పక్కన "అచ్చుకి పంపవచ్చు" అని రాసి సంతకం పెట్టాను.