సేవ్ కొట్టరా బావా

నిన్న మన చిన్నప్పటి కంప్యూటర్ తుపాకీల ఆటకి ఎవరో అభిమానులు చేసిన కొత్త మాడ్, అదే ఆట తీరు మార్చేసే కూర్పు, ఎక్కించాను. ఛీ! హీరోకి ఆకలి వెయ్యదు, తూటాలు అయిపోవు, క్షణానికోసారి దానంతటదే సేవ్ అయిపోతుంది. దీన్ని బతుకుపోరాటం అంటారట!

బందరు నెట్ సెంటర్లో ఒకే కుర్చీలో ఇద్దరేసి కూర్చుని ఆడటం గుర్తుందా మీకు? కీబోర్డు నాది, మౌస్ గిలకలదిండి చేపలరేవు నుంచి వచ్చే శీనుది. మౌస్‌కి వాడి చేతుల ఎండుచేపల వాసన. ఆటలో మిగిలిన ఒక్క రొట్టె కోసం కొట్టుకునేవాళ్లం. కరెంటు పోయి యూపీఎస్ కుయ్యిమనగానే వాడి అరుపు: "సేవ్ కొట్టరా బావా, ఆరిపోద్ది!" నేను కొట్టేలోపే తెర నల్లబడేది. వారం కష్టం గంగపాలు.

ఇవాళ శీను వచ్చి మాడ్ చూశాడు. "ఇందులో భయమేదిరా బావా?" అంటూ గోడమీది స్విచ్ కట్టేశాడు. మళ్ళీ వేస్తే, హీరోగారు రొట్టెముక్క కూడా పోకుండా అక్కడే నిలబడి ఉన్నారు, సిగ్గులేకుండా.