నా కూతురి ఎడమ చెయ్యి

కుట్టీ, నువ్వు పోయావని ఆ రోజు పొద్దున్నే మీ అత్త వచ్చి చెప్పింది. ఆ సంగతి కూడా నాకంటే ముందు ఆమెకే తెలిసింది.

చదివేవాళ్ళు మన్నించాలి, నాది అయిదో తరగతి చదువు. పోయినది నా ఒక్కగానొక్క కూతురు. నెల దాటింది. ఏడుపు కంటే ముందు నాకు కడుపులో మంట వస్తోంది. ఆ మంట నా వియ్యపురాలి మీద.

మాది వేలూరు దగ్గర గుడియాత్తంలో లుంగీలు నేసే ఇల్లు. కూతురి కాపురం రెండు వీధుల అవతలే. పగలు వచ్చి నా పక్క మగ్గం మీద నేసేది. పోగు తెగితే పాట ఆపేది, ముడి వేసి ఆపిన చోటి నుంచే మళ్ళీ అందుకునేది. "మెడ మీద ఎవురో కూర్చోనుండారమ్మా" అనేది. నేను నవ్వేదాన్ని. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి తల వంచే మనిషికి మెడనొప్పి రాకుండా ఎట్లా ఉంటుంది? మా వీధిలో అందరికీ ఉంది. వెనక నుంచి పిలిస్తే తల తిప్పకుండా ఒళ్ళంతా తిప్పి చూసేది. పెళ్ళయ్యాక టెక్కు నేర్చింది అనుకున్నాను. నూనె రాయించాం, కట్టు కట్టించాం, మెడకు పట్టీ వేయించాం. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. నొప్పి మాత్రం పోలేదు.

ఒకరోజు వియ్యపురాలు వచ్చి, "వదినా, బిడ్డను వేలూరులో చూపిద్దాము. జాకెట్టు హుక్కులు నేనే పెడతా ఉండాను. ఎడమ చేతికి పట్టు లేదు" అంది. మగ్గం ఎక్కని మనిషి ఆమె, పేర్ణాంబట్టులో బీడీలు చుట్టి పెరిగింది. నా కూతురి హుక్కులు ఆమె పెడుతోందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నాతో ఏమిటికే చెప్పలా?" అని కూతుర్ని అడిగాను.

"నువ్వు తిడతావని" అంది.

ముగ్గురం వేలూరు వెళ్ళాం. చేతికి బలం ఎప్పటి నుంచి తగ్గిందని డాక్టరమ్మ అడిగింది.

"ఆడి నెల, ఆషాఢం నుంచి" అంది వియ్యపురాలు, తానే కన్నతల్లి అయినట్టు.

నేను ఊరుకోలేకపోయాను. "ఈమెకేం తెలుసమ్మా. అంతకు మూడు నెలల ముందే నేత పలచనైంది. నేత బిగిసేదానికి పలక కొట్టేది ఎడమ చేత్తో కదా. గుడ్డ పట్టుకుంటానే నా వేళ్ళకు తెలిసింది. సోమరితనమని తిట్టినాను కూడా."

డాక్టరమ్మ నా మాటే రాసుకుంది. గెలిచానని వియ్యపురాలి వైపు చూశాను. ఆమె తల వంచుకుని ఉంది. నేనేం చెప్పానో నాకు అప్పుడు అర్థమైంది.

స్కాన్ తీశారు. మెడ ఎముకల లోపల ఒక గడ్డ నరాన్ని ఒత్తుతోందన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూతురు నా భుజానికి ఆనుకుని, "చూడత్తా, మా యమ్మ వేళ్ళు స్కాన్ కంటే ముందే కనుక్కున్నాయి" అని నవ్వింది. నా తప్పు నాకు బరువు కాకూడదని అన్న మాట అది. దాన్ని పట్టుకునే బతుకుతున్నాను.

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు బాగుంది. గడ్డ మళ్ళీ పెరిగింది, రెండు చేతులూ పడిపోయాయి. నేను అన్నం పెడితే రెండు ముద్దలకే చాలనేది. అత్త పెడితే గిన్నె ఖాళీ అయ్యేది. "నువ్వు ఏడస్తా పెడతావమ్మా, మింగుడు పడదు" అంది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం వియ్యపురాలు సంగటి, పులుసు తెచ్చి నా ఎదురుగా కూర్చుంటుంది. "తిను వదినా, నువ్వు తినేదాకా నేను లేచేది లేదు" అంటుంది. ముద్ద చేసి నా నోటికి అందించే ఆ చెయ్యి చూస్తే నాకు ఇంకా కుళ్ళే. నా బిడ్డ కడుపు నింపిన చెయ్యి అది. కుళ్ళుకుంటూనే నోరు తెరుస్తున్నాను.

మీరూ వేళకు కడుపునిండా తినండి.