మామ కారుకు సాంబ్రాణి పట్టిన సాయంత్రం

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు: ఏ దీపం మిణుకుమన్నా నేను లోపల లెక్కపెట్టుకుంటాను. ఆఫీసులో మోడెం దీపమైనా, ముందు పోయే ఆటో ఇండికేటరైనా అంతే. డైరీలో కూడా రాసుకోలేదు. ఇవాళ పొద్దున మోతీనగర్ దగ్గర ఆఫీసు క్యాబ్‌లో ముందు సీటు దొరికింది. స్టీరింగు వెనక, బండికి జబ్బు చేస్తే పసుపు రంగు ఇంజను బొమ్మ వెలిగే చోట, చిన్న దేవుడి స్టిక్కరు కనబడింది. దాని అంచుల చుట్టూ వెలుతురు చిమ్ముతోంది, అచ్చం దేవుడి తల వెనక చక్రంలా. నేను చూడటం చూసి డ్రైవరు, "ఏం లేదు మేడమ్, ఊకెనే వెలుగుతది. చూస్తే పరేషాన్ అయితదని దేవున్ని పెట్టిన," అన్నాడు. ఇక హైటెక్ సిటీ దాకా మా మామ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. షూటింగులకు కార్లు కిరాయికిచ్చేవాడు. ఫిల్మ్ నగర్ దిగువన బస్తీలో ఆయన షెడ్డు, షెడ్డు వెనకే ఇల్లు. అంతకుముందు సెట్లలో పొగ వేసే పని చేశాడు. పొగమంచు కావాలన్నా, కల రావాలన్నా, దేవుడు ప్రత్యక్షం కావాలన్నా సాంబ్రాణి బకెట్టు పట్టుకుని మామే పరిగెత్తాలి. ఆ పని మానేసి ఏళ్లయినా ఆయన చొక్కాలు ఇంకా గుడి వాసన వస్తాయని అత్త నవ్వేది. మామ కార్లు సినిమాల్లో ఉండేవి గానీ ఎవరికీ కనబడేవి కావు. పెళ్ళిమంటపం బయటో, ఆస్పత్రి గేటు పక్కనో, హీరో ఎవరినో తంతుంటే వెనకాలో నిలబడి ఉండేవి. థియేటర్లో మామ లేచి, "గదో, గది మనదే!" అనేలోపే సీను మారిపోయేది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక సినిమాలో హీరోయిన్ నడిపే కారుగా మామ దగ్గరున్న పాత ఎర్రకారును ఒప్పుకున్నారు. మొదటిసారి ఆయన కారు ముందుకు రాబోతోంది. మామ ఆగలేకపోయాడు. జూబ్లీహిల్స్ ఎత్తుల మీద అది ఉరకాలని, దాని చప్పుడు గంభీరంగా ఉండాలని, ఇంజను గాలి పీల్చే డబ్బా తీసేసి పెద్దది పెట్టాడు. పొగ బయటికి పోయే పైపు కోయించి లావుపాటిది వెల్డింగ్ చేయించాడు. కోరుకున్న చప్పుడు వచ్చింది. దానితోపాటు డాష్‌బోర్డు మీద పసుపు దీపమూ వచ్చింది. సెన్సరేదో పాడైందనుకుని కొత్తది వేయించాడు. దీపం ఆరలేదు. సినిమావాళ్ళకొక అలవాటు ఉంది: కెమెరాకు కనబడకూడనిది ఏదైనా సరే, దాని మీద నల్ల టేపు వేస్తారు. గోడ మీద మేకైనా, కుర్చీ మీద కంపెనీ పేరైనా అంతే. మామ దీపానికీ టేపు వేశాడు. మొదటిరోజు షూటింగులోనే కారు నల్లపొగ కక్కి, హీరోయిన్‌తో సహా ఎత్తు మధ్యలో ఆగిపోయింది.

ప్రొడక్షన్ మేనేజరు కోస్తా మనిషి, కోపంలోనూ మర్యాద తప్పడు. "ఏంటండీ ఇది, పొగ వెయ్యడం మానేశారనుకున్నానే!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు కూడా ఇలాగే ఉంటే వేరే కారు తెప్పించుకుంటామండీ. ఏమీ అనుకోకండి," అన్నాడు.

ఆ సాయంత్రం మామ బోనెట్టు ఎత్తి ఒక్కో వైరూ కదిలించి చూశాడు. నేను ఆ కారు వెనక సీట్లోనే నవల చదువుకుంటున్నాను. కారులో కూర్చున్నవాళ్ళను ఎవరూ పలకరించరని అది నాకు ఇష్టమైన చోటు. మామ కోఠి ఫుట్‌పాత్ మీద దొరికిన మాన్యువల్ తెచ్చి నా ఒళ్ళో వేశాడు. "ఇంగ్లీషుల ఉన్నది. జర సదువు బిడ్డా." ఫ్యూజుల పక్కనున్న రెండు రంధ్రాలను వైరు ముక్కతో కలిపితే దీపం తానే మిణుకుతూ జబ్బేమిటో చెబుతుందని అందులో ఉంది. వైరు పెట్టి, టేపు పీకి తాళం తిప్పాం. దీపం ఒకసారి మిణుకుమని ఆగింది. తర్వాత గబగబా మూడుసార్లు. మళ్ళీ ఒకటి, మళ్ళీ మూడు. అంటే పదమూడు. పుస్తకంలో ఆ అంకె వెతికితే, పొగ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సరు అని ఉంది.

"గది మొన్ననే మార్పించిన గదా! దీని దిమాక్ ఖరాబైంది," అంటూ మామ మళ్ళీ టేపు చుట్ట అందుకున్నాడు.

అదే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. లోపల ఒకసారి చదువుకున్నాను. తప్పు చదివానేమోనని మళ్ళీ చదువుకున్నాను. మామ టేపు చింపే చప్పుడు వినబడ్డాక గానీ నా నోరు పెగల్లేదు. "మామా, సెన్సర్ మంచిగనే ఉన్నదేమో. దానికంటే ముందు పైపుల సందుంటే బయటి గాలి లోపలికొస్తదంట. గాలి ఎక్కువైందనుకొని బండి ఇంజన్ల పెట్రోల్ ఎక్కువ పోస్తదంట. గందుకే నల్లపొగ."

మామ నన్ను కొత్తగా చూశాడు. "మరి సందు యాడున్నది?" వెల్డింగు ఇంజను చాటున ఉంది. అక్కడికి చెయ్యి పోదు, చూపు ఆనదు. కాసేపు గడ్డం గోక్కుని, అటక మీంచి తన పాత సాంబ్రాణి బకెట్టు దించాడు. మక్క కంకులు కాల్చే బండి దగ్గర చేత్తో తిప్పేలాంటి గాలి యంత్రం ఒకటి దానికి తగిలించి, సైలెన్సరు వెనక నుంచి పొగ ఎక్కించసాగాడు. నన్ను ముందువైపు టార్చితో వంగి చూడమన్నాడు. షెడ్డంతా గుడి అయిపోయింది. అత్త తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏందయ్యా గిది, కారుకు దిష్టి తీస్తున్నవా?"

సరిగ్గా అప్పుడు కొత్త వెల్డింగు అంచు నుంచి దారంలా సన్నటి పొగ లేచింది. "గదో! గాడ! మామా, గాడ్నే!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. వీధిలో కుక్కలు మొరిగాయి. "గట్ల ఒర్రుతున్నవేందే!" అంటూ అత్త ఆ పొగ కంటే నన్నే ఎక్కువసేపు చూసింది.

వెల్డింగు మళ్ళీ వేయించి, బండి పాత జబ్బు మరిచిపోవాలని బ్యాటరీ వైరు కాసేపు ఊడదీసి కలిపాడు మామ. తాళం తిప్పగానే దీపం వెలిగి, ఇంజను అందుకోగానే బుద్ధిగా ఆరిపోయింది. మర్నాడు కారు ఎత్తంతా ఒక్క ఊపున ఎక్కింది. లోపల పూజ ఎవరు చేశారని హీరోయిన్ అడిగిందట. సినిమా వచ్చాక మామ థియేటర్లో లేచి, "గది మనదే!" అని, తృప్తిగా కూర్చున్నాక కూడా కారు తెర మీదే ఉంది.

ఇవాళ క్యాబ్ దిగే ముందు, "అన్నా, దేవున్ని జర పక్కన పెట్టుండ్రి. బండి ఏదో చెప్తున్నది," అన్నాను. డ్రైవరు ఆశ్చర్యపోయాడు. నేనూ ఆశ్చర్యపోయాను. కాలం మనుషుల్ని చప్పుడు చేయకుండా తీసుకుపోతుంది గానీ, వాళ్ళ మాటల్ని మనం ఎత్తు ఎక్కేచోట వదిలి వెళుతుంది. నా ఉద్యోగం మొదటిరోజు మామ ఆ ఎర్రకారులోనే ఇదే ఆఫీసు గేటు దగ్గర నన్ను దింపాడు. ఆ వారంలోనే గుండెపోటుతో పోయాడు. దింపిన రోజు అద్దాల మేడను చూసి నేను కారు పక్కనే నిలబడిపోతే, కారు కిటికీలోంచి తల బయటపెట్టి అన్నాడు:

"లోపట ఏమన్న తకలీఫ్ అయితే టేపు ఎయ్యకు బిడ్డా. గా దినం ఒర్రినవు సూడు, గట్ల ఒర్రు."