పసుపుపచ్చ సంచి

పాలకేంద్రంలో పాలు పరీక్షించే ఆయన్ని అందరూ లాక్టోమీటర్ అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా పాలల్లో నీళ్లు పట్టీ పట్టీ, ఇంట్లో భార్య ఇచ్చిన పాలను కూడా వెలుతురుకెత్తి చూడందే తాగడు.

ఆయన తమ్ముడికి కాలేయం దెబ్బతిని ముక్కులోంచి కారే రక్తం ఆగడం లేదు. ఆసుపత్రిలో నర్సు పసుపుపచ్చ సంచి తేగానే ఆయన అడ్డం నిలబడ్డాడు.

"రక్తం ఎర్రగా కదమ్మా ఉండాలి?"

"ఇది ప్లాస్మా అండి. రక్తంలోంచి కణాలు తీసేస్తే మిగిలేది. రక్తం గడ్డకట్టించే సరుకు ఇందులోనే ఉంటుంది."

"సరుకెంత, నీళ్లెంత?"

"నూటికి తొంభై పాళ్లు నీళ్లే."

ఆయన మొహం మాడిపోయింది. "మిగతా పది పాళ్లతో మావాడి రక్తం ఆగుతుందా? నా చెవిలో పువ్వులు పెట్టకు."

సంచి లాక్కుని వెలుతురుకెత్తాడు. దాని వెనక, తలుపు దగ్గర, మోచేతి మడతలో దూది నొక్కుకుంటూ ఒక మనిషి కనిపించాడు. నీళ్లు కలిశాయని పొద్దున తాను పాలు తిప్పిపంపిన పాలవాడే. సంగతి విని వచ్చి, బ్లడ్ బ్యాంకులో ఈ సంచికి బదులుగా రక్తమిచ్చాడు.

"ఎక్కించనీయండి సార్," అన్నాడతను. "ఆ నీళ్లు దేవుడు కలిపినవి, నేను కాదు."