కందిపప్పుకు ఒక రాత్రి నిద్ర

మీ వంటింట్లో పప్పు డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు ఎందుకు వేస్తారో, ఎండలోంచి తెచ్చిన పప్పును వెంటనే ఎత్తిపెట్టవద్దని ఎందుకంటారో, ఆ మాట అన్న మనిషినే ఎదురుగా కూర్చోబెట్టుకుని మీరు ఎన్నడైనా అడిగారా? అడిగి ఉండరు. కనబడ్డ ప్రతి నమ్మకాన్నీ చొక్కా పట్టుకుని నిలదీస్తాడని ఊళ్లో పేరుపడ్డ నేనే అడగలేదు, మిమ్మల్ని అనడానికి నాకు నోరెక్కడిది?

పోయిన ఆదివారం మా వదినను చూడడానికి వెళ్లాను. మెదక్‌లోనే, మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉంటుంది. డెబ్భై దాటినా చేటలో ఏదో ఒకటి పోసుకుని ఏరుతూనే కనిపిస్తుంది. నేను వెళ్లేసరికి ఆమె మనవరాలు ఫోన్ పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది. "నానమ్మా, గీ వీడియో చూడు. పప్పు ఎండబెట్టి, మంచిగ సల్లారినంకనే డబ్బల పోయాల్నంట. లేకుంటే లోపట చెమట పడ్తదంట. తెల్సా నీకు?" అన్నది. వదిన ఫోన్ వైపు చూడలేదు. నా వైపు చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వయసు యాభై ఏళ్ల పైమాట. దానికి కారణం నేను వెలగబెట్టిన ఒక ఘనకార్యం.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఆదివారం వస్తే గ్రంథాలయం వరండాలో మిత్రులం నలుగురైదుగురం చేరి, దేవుడున్నాడా లేడా, శకునాలు నిజమా అబద్ధమా అని గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్లం. ఆ వేడి చల్లారకముందే ఇంటికి వచ్చి, పిల్లి ఎదురైందని గడపలోనే ఆగిపోయిన మా అమ్మకు ఒక ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. మా అన్న పాపన్నపేట వైపున్న పొలం చూసుకునేవాడు. కుల్చారం దగ్గరి పల్లె నుంచి వదిన కోడలిగా వచ్చి రెండేళ్లు. వంటింట్లో పెత్తనం అమ్మది, కష్టం వదినది.

ఆ కష్టంలో ఎంత ఒడుపుండేదో ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటేస్తుంది. కొత్త చింతపండుకు గింజలూ ఈనెలూ తీసి, ఎండ చూపించి, ఉప్పు చల్లుకుంటూ పొడికుండలో పిడికిలితో అదిమేది. ఏడాది తిరిగినా కుండ అడుగున పండు మెత్తగానే ఉండేది. అల్లాన్ని తడి ఇసుకలో పాతి, కావలసినంత ముక్క విరుచుకుని మళ్లీ పూడ్చేది. బియ్యంలో వేసే వేపాకును ముందు నీడన గలగలమనేలా ఆరబెట్టేది, పచ్చి ఆకు వేస్తే దాని తడే పురుగును పిలుస్తుందని. కారం డబ్బాలో చెంచా వేరే. పొయ్యి మీది ఆవిరి తగలకుండా దాన్ని దూరంగా గూట్లో పెట్టేది. ఇవేవీ నేను అప్పుడు గమనించలేదు. తినేవాణ్ణి, అంతే.

నా కంట్లో పడిందల్లా ఆమె కందిపప్పుతో చేసే ఒక్క పని. ఎండాకాలంలో మా పొలం కందులు విసుర్రాయిలో పగిలి పప్పయ్యాక, చేతికి అంటీ అంటనట్టు ఆముదం రాసుకుని పప్పంతా పులిమి, మిద్దె మీద రెండు రోజులు ఎండబోసి, సాయంత్రం కిందికి తెచ్చి లోపలి అర్రలో పాత చీర మీద పలుచగా పరిచేది. తెల్లారేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఎందుకని అమ్మ అడిగితే, లక్ష్మి నిద్రపోతున్నది, లేపవద్దు అనేది. అది విని నాకు ఒళ్లు మండింది. పప్పుకు నిద్రేమిటి? వేడికి పురుగు చస్తుంది గనుక వేడి మీదే డబ్బాలో పోసి మూత బిగించాలి, ఇది శాస్త్రం అని వాదించాను. వదిన నవ్వి, "అట్లనా సారూ? ఆ ముచ్చటేదో లచ్చిమికే జెప్పు పో, నా మాటైతే ఇంటలేదు" అని తన పని తాను చేసుకున్నది.

ఆ సాయంత్రమే వదిన వాళ్లమ్మకు బాగోలేదని కబురొస్తే అన్న ఆమెను తీసుకుని బస్సెక్కాడు. అమ్మ పక్కింట్లో ఉంది. నేను తలుపు దగ్గరికి వేసి, వదిన అప్పుడే దించి పరిచిన, ఇంకా చేయి పెడితే చురుక్కుమంటున్న పప్పును రెండు రేకు డబ్బాల్లోకి ఎత్తి మూతలు బిగించేశాను. పురుగు పట్టకుండా వదిన ఎప్పుడూ వేసే ఎండుమిరపకాయలు కూడా వేయలేదు. అవీ మూఢనమ్మకమే అనుకున్నాను. తెల్లారి నిండిన డబ్బాలు చూసి, పోతూ పోతూ కోడలే ఎత్తిపెట్టిందనుకుంది అమ్మ. ఏడాది తర్వాత పురుగులేని పప్పు చూపించి అందరి ముందూ గెలుపు చాటుకోవచ్చని నేనూ నోరు విప్పలేదు.

వానలు మొదలయ్యాక అమ్మ డబ్బా మూత తీసింది. పైన నాలుగు వేళ్ల లోతు పప్పు గడ్డకట్టి, బూడిదరంగు బూజు పట్టి, ముక్కిన వాసన వాకిలిదాకా వచ్చింది. రెండో డబ్బా కూడా అంతే. "ఏం చేతులే నీవి? నీ చెయ్యి తగిలినంక ఇంట్ల లచ్చిమి నిలుస్తలేదు" అన్నది అమ్మ వదినతో. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి చూసి, కొత్తకోడలి చేయి అచ్చిరాలేదని వంతపాడారు. ఆ రోజు నుంచి బియ్యం గుమ్మి, కారం డబ్బా, ఉప్పు జాడీ, దేని మీదా వదిన చేయి పడనివ్వలేదు అమ్మ.

సరిగ్గా అలాంటి మాటల మీదే కిందటి ఆదివారం నేను గంటసేపు నిప్పులు చెరిగి వచ్చాను. ఇప్పుడు పుస్తకం చేతిలో పట్టుకుని గడపలో నిలబడి ఊరకున్నాను. మూఢనమ్మకం నన్ను దుప్పటిలా కప్పితే, రెండు రోజులు దాని కింద వెచ్చగా పడుకున్నాను.

మూడో రోజు భోజనాల దగ్గర అమ్మే వడ్డిస్తున్నది. వదిన దూరంగా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "అమ్మా, పప్పు డబ్బలల్ల పోసింది నేను. వేడివేడిగ పోసిన. వదిన ముట్టనే లేదు" అన్నాను. అన్న తినడం ఆపేశాడు. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "సదువుకున్నోడివి గదరా! రెండొద్దుల సంది నోట్లె ఏం పెట్టుకున్నవ్?" అన్నది. తర్వాత గరిటె వదిన వైపు చాపి, "నువ్వు వడ్డియ్యి బిడ్డా" అన్నది మెల్లగా.

మధ్యాహ్నం వదిన మిద్దె మీద గడ్డలు తీసి పారేసి, అడుగున చెడకుండా మిగిలిన పప్పును మళ్లీ ఎండబోస్తుంటే నేనూ చేట పట్టుకుని కూర్చున్నాను. నేనే పోశానని ఆమెకు ముందే తెలుసా అని అడిగాను.

"ఎర్కనే మరిదీ. మిరపకాయలెయ్యకుండ నేనెన్నడన్న ఎత్తిపెట్టిన్నా? అత్తమ్మ ఎత్తిందనుకున్న గని, మూత తీయంగనే సమజైంది, గిది మా సారు పనే అని."

మరి చెప్పలేదేమంటే, "నేను జెప్తే ఎవలింటరు?" అన్నది. చేట చెరుగుతూనే అసలు సంగతి చెప్పింది. "వేడి పప్పుకు మూత పెడ్తే చెమట పడ్తది, బూజొస్తది. మా అవ్వ నేర్పింది. పోయినేడు గదే మాట అత్తమ్మకు జెప్పిన. నిన్నగాక మొన్నచ్చి నాకు నేర్పుతవా అన్నది. ఇగ లచ్చిమి పండుకున్నదన్న. ఒక్కలు ముట్టలే!"

మౌఢ్యానికి మూలం అజ్ఞానమని అప్పటిదాకా అందరికీ చెబుతూ వచ్చిన నేను తలదించుకున్నాను. తెలిసిన మనిషి మాటకు ఇంట్లో విలువ లేక, ఆమె ఒక దేవత గొంతు అరువు తెచ్చుకున్నది. నేనేమో ఆ దేవతతో పోట్లాడాను గాని, ఆ గొంతు ఎవరిదని అడగలేదు.

మరుసటి ఏడు రెండు గాజు సీసాలు తెచ్చి, ఒకదాంట్లో వేడి పప్పు, ఒకదాంట్లో చల్లారిన పప్పు పోసి అమ్మ ముందు పెట్టాను. కాసేపటికి మొదటి సీసా మూత కింద నీటి చుక్కలు తేలాయి. అమ్మ మూత తీసి ఆ తడిని వేలితో తుడిచి చూసింది. వారం తిరగకముందే పక్కింటావిడకు పప్పు చల్లార్చి పోసుకొమ్మని చెబుతూ, మా కోడలు చెప్పిందని అమ్మ అనడం నా చెవులతో విన్నాను. నేను గెలిచిన వాదాలన్నింటిలోకీ నాకు ఇష్టమైనది అదే.

ఇప్పుడు పప్పు ప్యాకెట్లలో వస్తున్నది. విసుర్రాయి పోయిందని నేను ఏడవను, అది మా వదిన భుజాలు అరగదీసింది. నా దిగులు వేరే. మొన్న మనవరాలు లోపలికి వెళ్లాక వదిన చేట పక్కన పెట్టి, "అప్పుడు లచ్చిమి జెప్పాలె, ఇప్పుడు ఫోను జెప్పాలె. నడుమల నేనున్న గదా మరిదీ" అన్నది. నవ్వుతూనే అన్నది.

లేవండి. మీ వంటింట్లోకి పోండి. అక్కడున్న మనిషి ఏది ఎలా ఎత్తిపెడుతుందో చూడండి. ఆచారమని దండం పెట్టకండి, చాదస్తమని కొట్టిపారేయకండి, ఎందుకో అడగండి. చెప్పింది పూర్తిగా వినండి, రాసుకోండి. కింద ఆమె పేరు రాయండి.