పదసోపానం పాఠం

గోదావరిఖని లైబ్రరీలో కూర్చుని ప్రభుత్వ పాలనాశాస్త్రం నాకు నేనే చదువుకున్నాను. పక్కింటి తమ్ముడు ఆ పుస్తకం ముట్టలేదు. వాళ్ల నాన్న ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ కాగానే ఆయన గని ఉద్యోగం ఇతనికి వచ్చింది. ఇప్పుడు ఆ బొగ్గు కంపెనీ ఆఫీసులోనే గుమాస్తా పోస్టుకు పరీక్ష రాస్తున్నాడు.

"అన్నా, పదసోపానం అంటే ఏందే? జల్ది చెప్పు, డ్యూటీకి పోవాలె," అన్నాడు మా ఇంటికొచ్చి.

ఎవరి పైన ఎవరుంటారో, ఎవరి మాట ఎవరు వినాలో గనిలో పనిచేసేవాళ్లతోనే పోల్చి చెప్పాను.

"గింతేనా? నువ్వు రాస్తే ఫస్టొస్తవ్ గదనే," అని నవ్వాడు.

ఆ పరీక్ష కంపెనీ లోపలివాళ్లకే. మా నాన్న కాంట్రాక్టు కూలీ. నాకు ఇవ్వడానికి ఆయన దగ్గర ఉద్యోగం లేదు. మిగతా పాఠాలకు ఇంటికి కాదు, లైబ్రరీకి రమ్మన్నాను. అక్కడైనా అతను నా పక్కన నేర్చుకునేవాడిలా కూర్చోవాలి.